‘హై’ అంటే ఊపిరి, ‘లెస్సా’ అంటే దెబ్బ

ఆరేళ్లుగా మా ఊళ్లో ఒక ఇల్లాలి చేపల పులుసు మీద ఉన్న నింద నిజానికి నాది. ఆమె భర్త బాక్సింగ్ పోటీలో ఓడిపోయింది ఆ పులుసు తిని కాదు, నా నోటి వల్ల. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. చెప్పలేదు.

మాది విడవలూరు వైపు సముద్రం ఒడ్డున ఊరు. ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద, అన్నా అని పిలుస్తాను. మిలటరీలో బాక్సింగ్ నేర్చుకుని, పతకాలు తెచ్చుకుని, ఇంటికొచ్చి మళ్లీ వల పట్టుకున్నాడు. నలభై దాటినా పోటీలు మానలేదు. ఆ ఏడు కావలిలో ఆయనకు ఎదురు నిలిచినవాడికి ఇరవై ఒక్కేళ్లు. అంతవరకూ ఒక్కసారీ ఓడనివాడు. అన్న గెలిస్తే అక్కడి వ్యాయామశాలలో పిల్లలకు నేర్పే ఉద్యోగం ఇస్తామన్నారు నిర్వాహకులు. ఓడితే మళ్లీ వలే. వల అంటే ఆయనకు చిన్నచూపేం లేదు గాని, నడుము ఒప్పుకోవడం లేదు.

ఎవరు గెలుస్తారో ముందే చెప్పడం నా పని. ఎవరూ అప్పగించింది కాదు. పంచాయతీ ఎన్నికలు, క్రికెట్, తుఫాను, అన్నింటికీ తీర్పు చెప్పేవాణ్ణి. తుఫాను మన వైపు రాదని నేనంటే మా వాళ్లు వెంటనే పడవలు పైకి లాక్కునేవాళ్లు.

పోటీకి ముందు రోజు పడవ ఇంజనుకు సామాను కొనడానికి కావలి వెళ్లి, ఒక టీ కొట్టు దగ్గర ఆగాను. అక్కడంతా ఆ కుర్రాడి మాటే.

“ముసలాయన రెండో రౌండుకే పడుకుంటాడబ్బా. దుప్పటి తెచ్చుకోమని చెప్పు,” అన్నాడు కొట్టాయన.

“మూడో రౌండులో మీ పిల్లకాయే పడతాడు. రాసిపెట్టుకో,” అన్నాను.

పక్క బల్ల మీద టోపీ పెట్టుకున్న మనిషి బజ్జీల పొట్లం నా వైపు జరిపాడు. “అంత గట్టిగా ఎట్టా చెప్తుండావన్నా?”

అడిగితే చాలదా నాకు! ఒడ్డున ముప్పై మందిమి నిలబడి తాడు పట్టి వల లాగేటప్పుడు ‘హై’ దగ్గర ఊపిరి బిగబట్టి, ‘లెస్సా’ దగ్గర లాగుతాం. అన్న చిన్నప్పటినుంచీ అట్లా లాగిన మనిషి. మిలటరీ ఆయనకు అన్నీ నేర్పింది గాని ఆ అలవాటు మాన్పించలేకపోయింది. కుడిచేత్తో గట్టి దెబ్బ కొట్టే ముందు పెదాల మధ్య ‘హై’ అనుకుంటాడు, ఇసుకలో దించినట్టు ఎడమ మడమ నొక్కుతాడు. ‘లెస్సా’కి దెబ్బ పడుతుంది. చిన్నప్పటినుంచీ ఆయన పక్కన తాడు పట్టుకున్నాను కాబట్టి ఇది నాకు తెలుసు.

“హై అన్నాడంటే మీవాడు ఇంటిదేవుణ్ణి తలుచుకోవాల్సిందే,” అని లేచి నిలబడి చేసి చూపించాను. సగంలో చూశాను, ఆ మనిషి చొక్కా జేబు మీద కుర్రాడి వ్యాయామశాల గుర్తు. అక్కడ ఆపి ఉండవచ్చు. కానీ కొట్టంతా నా వైపే చూస్తోంది. రెండోసారి ఇంకా బాగా చేసి చూపించాను.

మర్నాడు టోపీ మనిషి కుర్రాడి వెనక తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అన్న పెదాలు కదిలినప్పుడల్లా కుర్రాడు ముందే వంగిపోయాడు. అన్న దెబ్బలన్నీ గాలికే తగిలాయి. మూడో రౌండులో అన్న పడిపోయాడు. రౌండు మాత్రం నేను సరిగ్గానే చెప్పాను.

తిరిగి వస్తుంటే వ్యానులో అందరూ అన్న ఎందుకు ఓడాడోనని లెక్కలు వేస్తున్నారు. ఆ లెక్క నా దాకా రాకముందే నేనే అడిగాను: “పొద్దున ఏం తిన్నావన్నా?”

“ఏముంది, నిన్నటి చేపల పులుసు.”

“అదీ సంగతి! కడుపు బరువెక్కితే చెయ్యి ఎట్టా లేస్తది?” అన్నాను.

వ్యానంతా ఒప్పుకుంది. నా జీవితంలో ఊరు నమ్మిన తీర్పు అదొక్కటే. అప్పటినుంచీ వదిన కనబడితే, “ఈసారి ఎవర్ని ఓడిస్తుండావు వదినా?” అనడం అలవాటైపోయింది. నేనూ అన్నాను.

పోయిన నెల ఒక పెళ్లిలో వదిన పులుసు వడ్డిస్తుంటే ఎవడో, “పెళ్లికొడుక్కి వెయ్యొద్దు, ఇయ్యాలే ఓడిపోతాడు,” అన్నాడు. పందిరంతా నవ్వింది. ఆమె బకెట్టు కింద పెట్టేసి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. అన్న వల బాగుచేసుకుంటున్నాడు, వదిన పక్కనే కూర్చుని ఉంది. టీ కొట్టు సంగతంతా చెప్పేశాను.

“చేసి కూడా చూపించినావా?” అన్నాడు అన్న.

“రెండుసార్లు.”

“ఏదీ, చెయ్యి.”

చేశాను. అన్న నా కాళ్ల వైపు చూశాడు. “మడమ తప్పు పెట్టినావు. అయినా ఓడిపోయినానంటే, ఆ టోపీవోడు నీకన్నా తెలివైనోడురా.” అని మళ్లీ వల మీదికి వంగిపోయాడు. ఆ తర్వాత నా వైపు చూడలేదు.

వదిన మాత్రం లేచి నిలబడింది. “నా చెవిలో చెప్తే ఏం లాభం? ఒడ్డు కాడ చేపల వేలంపాట జరుగుతుండాది. ఊరంతా ఆడనే ఉంది. రా,” అని ముందు నడిచింది.

వేలం పాడేవాణ్ణి ఆపించి, గంపల మధ్య నిలబడ్డాను. నోరు పెగల్లేదు. నా నోరు పెగలకపోవడం అదే మొదటిసారి. వదిన చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి చూస్తోంది.

“అన్న గుట్టు ఎదుటోళ్లకు చెప్పింది నేను. ఆయన ఉద్యోగం పోయింది నా వల్ల. పులుసు మాట పుట్టించింది కూడా నేనే. ఆరేళ్లు తెలిసి తెలిసి గమ్మునున్నాను. వదినా, తప్పు నాది. నన్ను క్షమించు.”