తెల్లని నిలువుటంగీ

పాస్టరు ఐలయ్య గారికి ఇప్పుడు యాభై మూడేళ్లు. ఈ సంగతులు వ్రాసిపెట్టిన సంఘపెద్ద రామచంద్రం ఆయనను ఇరవై నాలుగేళ్లుగా ఎరుగును.

ఐలయ్య గారు కొత్తగూడలో పుట్టారు. మిషను బడిలో చదివి, పదేళ్లు ఉపదేశిగా పల్లెలన్నీ కాలినడకన తిరిగి, పిమ్మట పాస్టరుగా అభిషిక్తులయ్యారు. తొమ్మిది పల్లెల సంఘాలు ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకున్నాయి. 1948లో, గడబిడల నెలల్లో, దవాఖానలో ఉన్న సంఘస్థులను చూడబోయిన ఆయన మనసు అక్కడే చిక్కుకున్నది. తగాదాలు తీర్చే కుర్చీ కన్నా రోగి పక్కనుండే ముక్కాలిపీట మేలని తోచి, మరుసటి ఏడే అధ్యక్ష పదవిని వదులుకున్నారు. అడిగినవారికే ప్రార్థన చేసేవారు. అడగనివారికి మంచినీళ్లు అందించి, ఇంటికి ఉత్తరం వ్రాసిపెట్టేవారు.

మొన్న కార్తీకంలో, సంఘస్థురాలు కిష్టమ్మకు ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేందుకు, ఆచారం ప్రకారం తెల్లని నిలువుటంగీ తొడుక్కొని ఆడవారి వార్డుకు వెళ్లారు. పక్క మంచంలో బోరబండ నీలమ్మ ఉన్నది. ఆమెకు కడుపులో కణితి, గురువారం ఆపరేషను. తెల్లవారేసరికి కిష్టమ్మ మంచం ఖాళీగా ఉన్నది. జబ్బు నయమైన అక్కను తమ్ముడు కోడికూతకే బండిలో కొత్తగూడలోని ఇంటికి తీసుకుపోయాడు. ఆ సంగతి నీలమ్మకు ఎవరూ చెప్పలేదు. తెల్లంగీ వచ్చి నిలిచిన మంచంలో మనిషి మిగలదని ఆమె నిశ్చయించుకున్నది. మధ్యాహ్నానికి భర్త మొగిలి ఆమెను ఇల్లు చేర్చాడు.

పెద్ద డాక్టరు ఐలయ్య గారిని పిలిపించి, ఆ అంగీకి బెదిరే రోగి వెళ్లిపోయిందని చెప్పి, ఇకపై వార్డులలోకి రావద్దన్నారు. పది దినాలలో ఆపరేషను కాకుంటే నీలమ్మ దక్కదని కూడా అన్నారు. మొదటి మాట కన్నా రెండవదే ఐలయ్య గారి గుండెలో గుచ్చుకున్నది. ఆయన కొత్తగూడ వెళ్లి, కిష్టమ్మను వెంటబెట్టుకొని, మామూలు చొక్కా ధోవతితో బోరబండ చేరారు.

గడపలో కిష్టమ్మను చూసి నీలమ్మ గోడకు జరిగింది.

"ఏందే నీలా, గట్ల చూస్తవు? నేను పోయిన్నని వాడంత చెప్పినవంట. దినాలకు పిలుస్తవని చూసి చూసి నేనే వచ్చిన," అన్నది కిష్టమ్మ.

"నువ్వు బువ్వ తింటున్నవా?"

"పొద్దుగాల రెండు రొట్టెలు తిన్న. జర అంబలి పొయ్యి, నీ ముంగటనే తాగుత."

నీలమ్మ ఆమె చేయి పట్టుకొని చూసింది. వెచ్చగా ఉన్నది. అప్పుడు పాస్టరు వైపు తిరిగింది.

"మరి గా తెల్లంగీ ఏంది అయ్యా?"

"మా ప్రార్థనకు తొడుక్కునేది బిడ్డా. ఇగ వార్డుల తొడుక్కోను."

మొగిలి లేచాడు. "ఇగ ఫికర్ లేదు. బండి కడ్త."

శనివారం ఆపరేషను జరిగింది. లోపలికి పోయే వీలు లేక ఐలయ్య గారు గేటు బయటే నిలబడ్డారు. మొగిలి పరుగున వచ్చి, "తెలివికొచ్చింది అయ్యా, మిమ్మల్నే అడుగుతున్నది," అనగానే ఆయన అక్కడే మట్టిలో కూర్చుండి, చాలాసేపు కళ్లు తుడుచుకున్నారు.

కావున దవాఖాన పెద్ద డాక్టరు గారికి సంఘం తరఫున సవినయముగా మనవి చేయునదేమనగా: ఐలయ్య గారిని వార్డులలోకి తిరిగి అనుమతించి, దవాఖాన పాస్టరుగా నియమింప ప్రార్థన. ఆయన అంగీ ఇకమీదట చర్చిలోనే ఉండును. నీలమ్మ తానై అడిగి వేసిన వేలిముద్ర ఈ కాగితము అడుగున ఉన్నది.