రాకాసి కోతికి గొంతిచ్చిన బద్యా

పినపాక దగ్గరి తండాలో పుట్టిన బద్యాకు ఆస్తంటే గొంతే. పగలు రిక్షాలో మైకు పట్టుకుని, మణుగూరు టూరింగ్ టాకీసులో ఏ సినిమా ఆడుతోందో ఊరూరా చెప్పేవాడు. సాయంత్రం గేటు దగ్గర టికెట్లు చింపేవాడు.

ఎనభైల్లో ఒకరోజు, తెలుగు సినిమా పెట్టెలు తెచ్చే బస్సు దారిలో చెడిపోయింది. టాకీసు యజమాని చెంచురామయ్య దగ్గర ఓ పాత ఇంగ్లీషు సినిమా మాత్రమే ఉంది. రంగుల్లేవు, పాటల్లేవు. తాటిచెట్టంత కోతి, దాని గుప్పిట్లో ఓ దొరసాని.

"అర్థంకాకపోతే జనం లేచిపోతారు. మైకులో కథ చెప్పరా," అన్నాడు చెంచురామయ్య.

"నాకు ఇంగ్లీషు రాదు గద సార్."

"ఇక్కడెవరికొచ్చు?"

బద్యా తెర పక్కన నిలబడ్డాడు. దొరసాని కెవ్వుమనగానే ధైర్యం వచ్చింది. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చిందట. జల్దీ దించమంటుంది," అన్నాడు. టెంటంతా గొల్లున నవ్వింది. ఇక కోతి చేత లంబాడీ మాట్లాడించాడు. తండా ఆడవాళ్లు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు.

చివరికి విమానాలు చుట్టుముట్టి కాల్చాయి. కోతి మేడ మీదినుంచి పడిపోయింది. ముందు వరసలో ఇసుక మీద కూర్చున్న ముసలి సోమ్లి అడిగింది. "సచ్చిపోయిండా బిడ్డా?"

బద్యాకు అవునని చెప్పబుద్ధి కాలేదు. "లేదవ్వా. సొమ్మసిల్లిండు గంతే. దవాఖానకు తీస్కపోతున్నరు."

"మళ్ల లేస్తడా?"

"అవ్, లేస్తడు. డాక్టరు సూదేసిండు."

సోమ్లి తృప్తిగా లేచి చీర దులుపుకుంది.

మర్నాడు తెలుగు సినిమా వచ్చింది. అయినా గేటు దగ్గర అందరూ కోతినే అడిగారు. బొగ్గుగని కాలనీలో కూరగాయలమ్మే జమ్లి గంప దించి, "మీ కోతి ఎట్లున్నడు?" అంది.

"పొద్దుగాల గంజి తాగిండు," అన్నాడు బద్యా.

"గంజితో ఏం బలమొస్తది? రేపు జొన్నరొట్టె తెస్త."

నిజంగానే తెచ్చింది. కోతి పేరు చెప్పి బద్యా తిన్నాడు. ఆ మరుసటి రోజు వంకాయ కూర కూడా వచ్చింది. ఆ ఎండాకాలంలోనే ఇద్దరికీ పెళ్లయింది.

టీవీలొచ్చి టెంటు ఎత్తేశాక బద్యా గని క్యాంటీనులో చేరాడు. అతని కబుర్ల కోసం, షిఫ్టు దిగినవాళ్లు చల్లారిన టీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడేవారు.