బూజు మాస్టారి చొక్కా

తిరువూరులో బసవపున్నయ్య మాస్టారు ఉండే వీధిలో బూజు పట్టిన వస్తువును నేరుగా చెత్తబుట్టలో వేయడానికి వీల్లేదు. ముందు ఆయనకు చూపించాలి. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఆ మహానుభావుడికి పచ్చటి చెట్టంటే పెద్ద గౌరవం లేదు. ఎండలో నిలబడి తన వంట తాను చేసుకోవడం ఏం గొప్పని ఆయన అభిప్రాయం. పచ్చదనం లేకుండా, కాళ్లూ నోరూ లేకుండా, ఇంకొకరు వండిపెట్టుకున్నదాని మీద వాలి దర్జాగా బతికేసే శిలీంధ్రమంటేనే ఆయనకు ప్రాణం.

ఈ సంగతి తెలియక, నూజివీడు నుంచి పక్కింటికి కొత్తగా కాపురానికి వచ్చిన శ్రీలలిత ఒక ఉదయం బూజు పట్టిన బ్రెడ్డు ముక్కను పారేయబోయింది. పిట్టగోడ మీదుగా ఒక చెయ్యి అడ్డం వచ్చింది. ఆ చేతిలో భూతద్దం ఉంది. మాస్టారు ఆ అమ్మాయి పేరైనా అడక్కుండా పాఠం మొదలుపెట్టారు. ఈ తెల్లటి నూలుపోగులే దాని ఒళ్లట. ఆకు, కాండం, వేరు అనే పటాటోపమేమీ లేదట. తన రసాన్ని బ్రెడ్డు మీదకు వదిలి, బయటే అరిగించి, ఆ తర్వాత పీల్చుకుంటుందట. మనం తిని అరిగించుకుంటాం, అది అరిగించుకుని తింటుంది, ఇద్దరిలో తెలివైనవాళ్లెవరో చెప్పమన్నారు. శ్రీలలిత ఏమనాలో తోచక బూజే తెలివైనదని ఒప్పుకుంది. అంతటితో ఆమె ఆయన శిష్యురాలైపోయింది.

మాస్టారితో వచ్చిన చిక్కల్లా, బూజు గురించి ఎవరు ఏం మాట్లాడినా ఊరుకోలేరు. ఒకసారి ఆయన్ని పెద్దమనిషి కదా అని పెళ్లిచూపులకు వెంటబెట్టుకెళ్లారు. అక్కడ ప్లేట్లో పెట్టిన బేకరీ దిల్‌పసందును చూసి ఆయన, దాని పిండిని పొంగించే బూజు జాతి ఈస్టు సంగతి ఎత్తుకున్నారు. ఈస్టు కణానికి పక్కన చిన్న బుడిపె లేస్తుందనీ, అదే పెరిగి విడిపోయి ఇంకో ఈస్టవుతుందనీ, వాటికి సంబంధాలు వెతుక్కునే బెడద లేదనీ కాఫీలు చల్లారేదాకా చెప్పారు. ఆ సంబంధం కుదరలేదు.

ఇంకోసారి శ్రీలలిత మామగారు రాజేంద్రప్రసాద్ గారి తమ్ముడి ఇంట్లో పెళ్లి. అందరూ శాకాహారులే. పుట్టగొడుగుల బిర్యానీ వడ్డిస్తుంటే, ఇదీ కూరగాయే కదా అని పక్కనున్నాయన మర్యాదకు అడిగాడు. కాదండి, మొక్కకన్నా జంతువుకే దగ్గర చుట్టం, పురుగుల పెంకులో ఉండే పదార్థమే దీని కణాల గోడల్లోనూ ఉంటుందని మాస్టారు ఉన్నమాట చెప్పారు. బంతి బంతంతా లేచిపోయింది. పెళ్లివారు వచ్చి ఆ ఒక్క మాటా మింగేస్తే మీ సొమ్మేం పోయేదని నిలదీశారు.

"బూజు విషయంలో అబద్ధం ఆడలేనండి," అన్నారు మాస్టారు, తాను మాత్రం రెండోసారి వడ్డించుకుంటూ.

ఇలాంటి మనిషి పక్కన ఉండగా పద్మజ ఆవకాయ బూజు పట్టింది. పద్మజ అంటే శ్రీలలిత అత్తగారు. ఏటా శ్రావణంలో నెమలి గ్రామంలోని వేణుగోపాలస్వామి దర్శనానికి వచ్చే బంధువులు ఆవిడ ఇంట్లో ఆగి, తలో సీసా ఆవకాయ పట్టుకెళతారు. ఈ ఏడు వాళ్లందరి ముందూ జాడీకి కట్టిన గుడ్డ విప్పితే, లోపల తెల్లటి దుప్పటి పరిచినట్టుంది.

వెంటనే హాల్లో విచారణ మొదలైంది. నూనె సొంత మిల్లుది, కాబట్టి నూనెలో తప్పుండదు. ఉప్పూ కారం సొంత కొట్టువి. కాయలు రెడ్డిగూడెంలోని సొంత తోటవి. జాడీ నాయనమ్మగారి నాటిది, దాన్ని అనుమానిస్తే కళ్లు పోతాయి. ఈ ఏడు ఆ ఇంట్లోకి బయటి నుంచి వచ్చింది కోడలొక్కతే. ఏ రోజుల్లో జాడీ ముట్టుకున్నావో గుర్తు తెచ్చుకోమని ఒక పిన్నిగారు ప్రేమగా అడిగింది. భర్త సూర్యతేజ తలెత్తకుండా ఫోను చూసుకుంటున్నాడు.

చెయ్యి మంచిది కాదన్న పేరు ఒకసారి పడితే ఇక వదలదు. రేపు పాలు విరిగినా, పిండి పులిసినా ఆ చేతి మీదకే వస్తుంది. శ్రీలలితకు దుఃఖం ముంచుకొచ్చింది, ఎందుకంటే అసలు సంగతి ఆమెకు తెలుసు. మామగారికి బీపీ ఉందని డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. చెబితే ఆయన ముద్ద ముట్టడని, పద్మజ ఎవరికీ చెప్పకుండా ఆవకాయలో ఉప్పు సగానికి కోసేసింది. ఆ పూట పక్కన నిలబడి ఉప్పు అందించింది తనే. ఇంతమందిలో ఆ మాట బయటపెడితే అత్తగారి పరువు పోతుంది. ఆ తర్వాత తన కాపురం జాడీకన్నా అన్యాయంగా తయారవుతుంది.

సూర్యతేజ చేసిన మేలల్లా, జాడీ పారబోసేలోగా మాస్టారిని పిలవడం. ఆయన భూతద్దంతో వచ్చి జాడీలోకి తొంగిచూసి, ఎంత ఏపుగా ఉందోనని మురిసిపోయారు. ఎవరూ నవ్వలేదు. బూజును ఓ పక్కకు నెట్టి, అడుగునున్న ఊట కొంచెం వేలితో తీసి నాలుకకు రాసుకున్నారు. ఆయన మొహంలో మురిపెం పోయింది. పద్మజ వైపు చూశారు. ఆవిడ కొంగు సర్దుకుంటూ నేల చూపులు చూస్తోంది. తర్వాత శ్రీలలిత వైపు చూశారు. ఈయన నిజం చెప్పకుండా ఉండలేరు, ఇక ఇద్దరం మునిగినట్టే అనుకుంది ఆమె.

"ఇది నా బూజే చెల్లెమ్మా," అన్నారు మాస్టారు.

ఆవకాయ కలిపిన రోజు తాను కుళ్లిన నిమ్మకాయ ఒకటి పరీక్షించి, అదే చొక్కాతో పిట్టగోడ దగ్గర నిలబడ్డారట. బూజు పోగుల చివర్లలో దుమ్ముకన్నా తేలికైన సిద్ధబీజాలు లెక్కలేనన్ని ఉంటాయట. మొక్కకు విత్తనాలెలాగో దానికి అవి అలాగట. చొక్కా మీద నుంచి ఎగిరి సరిగ్గా జాడీలో పడ్డాయట. బంధువులంతా ఒక్కసారిగా శ్రీలలితను వదిలేసి ఆయన మీద పడ్డారు. అందరికన్నా పెద్దగా కేకలేసింది పద్మజే. ఇక తమ గడప తొక్కవద్దంది. మాస్టారు బుద్ధిగా తలూపి వెళ్లిపోయారు.

సాయంత్రం శ్రీలలిత పిట్టగోడ దగ్గరికి వెళ్లింది. "బూజు విషయంలో అబద్ధం ఆడలేనన్నారు కదా మాస్టారూ."

"ఎక్కడాడానమ్మా? సిద్ధబీజాలు గాల్లో అంతటా ఉంటాయి. మీ అత్తగారి చీర మీదా ఉంటాయి, నా చొక్కా మీదా ఉంటాయి. నేను నా చొక్కా సంగతి చెప్పాను."

"మరి ఉప్పు సంగతండి?"

"ఉప్పు నా సబ్జెక్టు కాదు."

మర్నాడు పద్మజ బంధువుల ముందే నిమ్మకాయలు కోసి, నీ చెయ్యి మంచిదమ్మాయ్, ఉప్పు నువ్వే వెయ్యి అని డబ్బా కోడలికిచ్చింది. ఆ ఊరగాయలో మొదటి గిన్నె పిట్టగోడ అవతలికి వెళ్లింది. గడప తొక్కవద్దన్న మాట మాత్రం ఆవిడ వెనక్కి తీసుకోలేదు. ఊళ్లో మిగతా ఇళ్లవాళ్లు కూడా ఆయన్ని చూస్తే జాడీలు లోపల పెట్టుకోవడం మొదలుపెట్టారు. శ్రీలలితకు అది చూసి ప్రాణం చివుక్కుమనేది.

మళ్లీ ఆవకాయల రోజులొచ్చాయి. ఒక మధ్యాహ్నం శ్రీలలిత డాబా మీద నుంచి చూస్తే, మాస్టారు మండుటెండలో గొడుగేసుకుని వీధి వెంట వెళుతున్నారు. కొత్త కోడలున్న ప్రతి ఇంటి ముందూ ఆగి, నలుగురూ చూసేలా చొక్కా గట్టిగా దులిపి, ముందుకు సాగుతున్నారు. ఎవరింట్లో ఏది పాడైనా ఆ పిల్ల చెప్పుకోవడానికి ఒక పేరు సిద్ధంగా ఉండాలని ఆయన పడుతున్న తాపత్రయం ఆమెకు అర్థమైంది. ఆ క్షణాన ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

నాలుగిళ్లవతల కిందటి నెలలోనే కాపురానికొచ్చిన అనూహ్య గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"మాస్టారూ, మా ఇంటి ముందు దులపకుండానే వెళ్లిపోతున్నారేంటండి?"

మాస్టారు నొచ్చుకుని వెనక్కి వచ్చి, గొడుగు ఆ అమ్మాయి చేతికిచ్చి, రెండు చేతులతో దులిపారు.