చెట్టునడిగినట్టే నన్నడిగింది

నా చిన్నప్పుడు నా ఒంటి మీద ఊరందరికీ హక్కు ఉండేది, నాకు తప్ప. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయి ఉండేది. గీరితే రసి కారేది. ఎండాకాలం చెమటకు మంట, చలికాలం పగుళ్ళు. అదొక్కటే అయితే ఎలాగో పడేదాన్నేమో. దానికి తోడు, ఒంటి మీద ఏది పడినా ఓర్చుకోలేని తత్వం నాది. కొత్తబట్ట కుట్టు మెడకు తగిలితే ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది. ఆముదం వాసన వస్తే ముక్కు మూసుకునేదాన్ని. ఊళ్ళో పెళ్ళయి డోలు మోగితే చెవులు మూసుకుని చేనుకు అడ్డంపడి పరిగెత్తేదాన్ని. పిల్లలు నాకు అత్తిపత్తి అని పేరు పెట్టారు, ముట్టుకుంటే ముడుచుకుపోతానని. పేరు బాగానే ఉంది. కానీ అత్తిపత్తి కనిపిస్తే ముట్టుకోకుండా పోయేవాళ్ళు ఎవరుంటారు? నా సంగతీ అంతే.

మా ఊరు తెలుగు సరిహద్దు దాటాక, కిష్టారం అవతల, అడవి అంచున. ఇంట్లో తెలుగు, చేలల్లో దోర్లి, సంతలో హల్బీ, బళ్ళో హిందీ. ఏ భాషలో మాట్లాడినా నా ఒళ్ళు చూడగానే ప్రతివాళ్ళూ ఒక మందు చెప్పేవాళ్ళు. మా అత్త వేపాకూ పసుపూ నూరి తెచ్చేది. పక్కింటి పెద్దమ్మ కానుగ నూనె పట్టుకొచ్చేది, ఆ వాసనకు నేను ఇంటి చుట్టూ తిరిగేదాన్ని. మా మేనమామ అయితే అందరికంటే ఘనుడు. దురద మీద నల్లజీడి రసం ఒక చుక్క వేస్తే పీడ విరగడవుతుందన్నాడు. వేశాడు. బొబ్బలెక్కి, ఆ చోట మచ్చ ఇప్పటికీ ఉంది. ఈ ముసలిదాని మాట ఒక్కటి వినండి, పిల్లల చర్మం మీదికి జీడి తేకండి.

మందు ఏదైనా పెట్టే పద్ధతి మాత్రం ఒకటే. ఒకరు కాళ్ళు పట్టుకునేవాళ్ళు, ఇద్దరు చేతులు పట్టుకునేవాళ్ళు, అమ్మ రాసేది. నేను వద్దు వద్దని అరిచేదాన్ని. పిల్లలు అరవక ఏం చేస్తారని అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ ఒక్కతే నవ్వేది కాదు. నొప్పి కలగకూడదని వేలి కొసలతో మెల్లగా, ఎంతో మెల్లగా రాసేది. ఆ మెల్లగా రాయడమే నాకు అన్నిటికంటే నరకం. చీమలు పాకినట్టుండేది. ఆ మాట చెప్పడం నాకు రాదు, అడగాలని ఆమెకు తోచదు. రాసిందంతా నేను మట్టిలో పొర్లి తుడిచేసుకునేదాన్ని. పుండ్లు ఇంకా పెరిగేవి.

ఆ ఏడు నన్ను బడిలో వెయ్యాలి. నాకు బడంటే ఎంత ఆశో చెప్పలేను. డోలుకు పారిపోయేదాన్నే అయినా, పిల్లలందరూ ఒక్క గొంతుతో హిందీలో ఎక్కాలు చదువుతుంటే మాత్రం దడి పక్కన కూర్చుని పొద్దంతా వినేదాన్ని. ఆ మోత ఎప్పుడు ఎక్కడ పెరుగుతుందో ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసేది, అందుకే నచ్చేదేమో. గురూజీ మంచివాడే. పుండ్లు ఆరి, ఒంటి మీద బట్ట నిలుపుకోగలిగిన రోజు పంపండి, అప్పటిదాకా ఈగలు ముసిరే పిల్లను నలుగురిలో కూర్చోబెట్టలేనన్నాడు. నేనా, చడ్డీ తప్ప ఏదీ ఒంటి మీద నిలవనిచ్చేదాన్ని కాదు. వానలు మొదలైతే బడి తెరుస్తారు. ఆ ఏడు దాటితే ఇక పశువుల వెంటే పంపుతారని నాకు తెలుసు. మా ఇళ్ళలో ఆడపిల్లను బడికి పంపాలని రెండుసార్లు అనుకునేవాళ్ళు తక్కువ.

అమ్మకు ఈ బెంగ నాకంటే ఎక్కువ. మందులేవీ పనిచేయకపోవడానికి ఆమెకు ఒకే కారణం కనిపించింది. మా వైపు ఒక కట్టుబాటు ఉంది. మందుకోసం ఆకు తెంపినా బెరడు తీసినా ముందు చెట్టును అడగాలి. దాని మొదట్లో నాలుగు బియ్యపు గింజలు పోసి, ఎవరికి బాగాలేదో, ఎంత తీసుకుంటున్నామో చెప్పాలి. అడగకుండా తెచ్చిన ఆకు మందు కాదు, ఉత్త ఆకు. తాను సరిగ్గా అడగలేదేమోనని అమ్మ మళ్ళీ వేపచెట్టు దగ్గరికి పోయింది. ఈసారి గుప్పెడు బియ్యం పోసింది. తగ్గలేదు. మళ్ళీ పోయి కోడిగుడ్డు పెట్టింది. ఇంకా తగ్గకపోతే కోడినే ఇస్తానని మొక్కుకుంది. చెట్టును అంతలా బతిమాలి తెచ్చిన ఆకును ఇంటికొచ్చి నలుగురితో నన్ను పట్టించి రుద్దేది. పాపం, అందులో వింత ఏముందో ఇంట్లో ఎవరికీ తోచలేదు.

అలాంటి రోజుల్లో మా నాయనమ్మ వచ్చింది. ఆమె వాగు అవతల చిన్నాన్న దగ్గర ఉండేది. ఇప్పపూల పని అయిపోయాక, వానలకు ముందు మా ఇంటికి వచ్చేది. చిన్న మనిషి, నోరు మాత్రం పెద్దది. ఊళ్ళో ఆమెతో మాటకు మాట అనగలిగినవాళ్ళు లేరు. వచ్చీరాగానే నన్ను చూసింది గానీ దగ్గరికి లాక్కోలేదు. మర్నాడు పొద్దున్నే వేపాకు తేవడానికి పోతూ, వస్తే రా అన్నట్టు చూసింది. నేను నాలుగడుగుల వెనక నడిచాను.

చెట్టు కింద ఆమె కొంగుముడి విప్పి బియ్యపు గింజలు పోసింది. నా మనవరాలికి ఒళ్ళు బాగాలేదమ్మా, చేరెడు ఆకు తీసుకుంటా అంది. అని ఊరుకుంది. ఎంతసేపు ఊరుకుందో, నాకు విసుగొచ్చింది. ఎందుకు ఆగావని అడిగితే, అడిగాక ఆగొద్దా అంది.

చెట్టు వద్దంటే ఏం చేస్తావని అడిగాను.

“వద్దంటే ఇంటికి పోతా. రేపొచ్చి మళ్ళా అడుగుతా. దాని ఆకు బిడ్డా, దాని ఇష్టం గదా.”

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ముక్కు చీదుకుంటూ, మరి నేను వద్దంటే మీరెవరూ ఎందుకు ఆగరని అడిగాను. మా నాయనమ్మ నోట మాట రాకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆకు కోసి కొంగులో వేసుకుని ఇంటిదారి పట్టింది.

ఇంటికొచ్చి ఆకును నీళ్ళలో మరగబెట్టి, వడగట్టి, పూర్తిగా చల్లారనిచ్చింది. నన్ను వాకిట్లో పీట మీద కూర్చోమంది. అత్త అలవాటుగా కాళ్ళు పట్టుకోవడానికి వస్తే కసిరి పంపేసింది. అప్పుడు కొంగుముడి విప్పి, నా కాళ్ళ దగ్గర నాలుగు గింజలు పోసింది. చెట్టుతో మాట్లాడిన గొంతుతోనే, నీకు ఒళ్ళు బాగాలేదమ్మా, రెండు చెంబులు పోద్దామనుకుంటున్నా, పోయనా అని అడిగింది. అడిగి ఊరుకుంది.

వద్దన్నాను. నిజానికి ఆ పూట నాకు అంత వద్దనిపించలేదు కూడా. ఏం చేస్తుందో చూద్దామని అన్నాను. ఆమె సరేనంది. ఆ నీళ్ళు తీసుకెళ్ళి మునగమొక్క మొదట్లో పోసి, చేతులు దులుపుకుని ఆకు వక్క వేసుకుంది.

ఇక చూడండి అమ్మ కోపం. వానలు నెత్తిమీదికొచ్చాయి, బడి తెరుస్తారు, మందు ఎవరైనా పిల్లనడిగి పెడతారా, దానికేం తెలుసని గగ్గోలు పెట్టింది. నాయనమ్మ వక్క నమలడం ఆపకుండా జవాబిచ్చింది.

“చెట్టుకేం తెలుసని నువ్వు అన్నిసార్లు అడిగినవే కోడలా? నోరులేని దాన్ని అడుగుతవు, గుడ్డు పెడతవు. నోరున్న పిల్ల వద్దని మొత్తుకుంటే నీకు ఇనబడలే.”

అమ్మ దబ్బున కూర్చుండిపోయింది.

మర్నాడూ గింజలు, మర్నాడూ అదే మాట. నేను మళ్ళీ వద్దన్నాను. ఆమె మళ్ళీ మునగమొక్కకు పోసింది. ఆ ఏడు ఆ మొక్క ఏపుగా పెరిగింది, అది వేరే సంగతి. అలా కొన్నాళ్ళు ఆమెను పరీక్ష పెట్టాను. ఒక్కసారైనా పట్టుకుంటుందేమో, బెల్లం ముక్క చూపించి మోసం చేస్తుందేమో అని కాచుకుని చూశాను. చెయ్యలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి ఆకాశం వైపు చూస్తూ ఉండేది. మబ్బులు కమ్మేవి. నాకూ లోపల భయం పట్టుకుంది. ఒకనాడు ఆమె అడిగి ఊరుకున్నాక, కాళ్ళ మీద మాత్రం పొయ్యి అన్నాను. కాళ్ళ మీదే పోసింది. చుక్క కూడా పైకి పోనివ్వలేదు. మర్నాడు చేతులిచ్చాను. ఆ తర్వాత మెడ కూడా ఇచ్చాను.

నీళ్ళ తర్వాత, ఒళ్ళు తడి ఆరకముందే ఇప్పనూనె రాయాలి. మాకు ఇంట్లో ఎప్పుడూ ఉండే నూనె అదే. ఎట్లా రాయాలని నన్నే అడిగింది. అప్పటిదాకా నన్ను ఎవరూ అడగని మాట అది. నేను ఆమె చెయ్యి పట్టుకుని నా మోచేతి మీద పెట్టి గట్టిగా అదిమి చూపించాను. అలా అదిమితే చీమలు పాకవు, ఒళ్ళు ఊరుకుంటుంది. ఆమె అరచెయ్యంతా ఆనించి అదిమి పట్టుకుంది. అమ్మ గుమ్మంలోంచి అదంతా చూసింది. ఇన్నేళ్ళూ నేను మెల్లగా రాస్తినే అని మెల్లగా అంది. ఆమె ప్రేమకు లోటేముంది? అడగకపోవడమే లోటు.

పుండ్లు తడారాయి. ఇక మిగిలింది గౌను. అమ్మ సంతలో కొన్న నీలం గుడ్డతో కుట్టించి, గురూజీ చొక్కాలా నిలబడాలని గంజి పెట్టి ఎండేసింది. అది అట్టలా బిగుసుకుపోయింది. దాన్ని చూడగానే మళ్ళీ ఏడుపు అందుకున్నాను. నాయనమ్మ ఎక్కడ గుచ్చుకుంటుందో వేలుపెట్టి చూపించమంది. మెడ దగ్గర, చంకల దగ్గర కుట్లు చూపించాను. ఆమె గంజి పోయేదాకా వాగులో ఉతికి, బండమీద బాది, ఆరేసి, ఆ గౌనును తిరగేసింది. కుట్లన్నీ బయటికి, నున్నటి వైపు లోపలికి. అలాగే వేసుకున్నాను. దారాలు వేలాడుతూ దిష్టిబొమ్మలా ఉన్నానని పక్కింటి అక్క పడీపడీ నవ్వింది. నవ్వనీ అనుకున్నాను.

బడికి పోయే పొద్దున సన్నగా జల్లు పడుతోంది. తల దువ్వడం ఇంకో గండం, జుట్టు లాగితే నాకు ప్రాణం పోయేది. నేను పీట మీద కూర్చుని నాయనమ్మ కోసం చూస్తున్నాను. వచ్చింది అమ్మ. ఒక చేతిలో దువ్వెన, ఇంకో చెయ్యి మూసి ఉంది. నా ముందు గొంతుక్కూర్చుని పిడికిలి విప్పింది. గింజలు చెమటకు అరచేతికి అంటుకుపోయి రాలలేదు. వేలితో ఒక్కొక్కటి నా కాళ్ళ దగ్గర రాల్చింది. జడ వెయ్యనా బిడ్డా అని అడిగింది. అడిగి ఊరుకుంది. వద్దంటానని భయపడింది మా అమ్మ, తన కడుపున పుట్టిన పిల్లకు.

వెయ్యమన్నాను. గట్టిగా వెయ్యమన్నాను.

చదువు ఎంతో అబ్బిందని చెప్పను. హిందీలో నాలుగు ముక్కలు చదవగలను, సంతలో ఎవరూ నన్ను మోసం చెయ్యలేరు, అంతే. ఒంటి మీదిది పూర్తిగా పోయిందనీ చెప్పను. చలి ముదిరితే మోచేతులు తాము ఉన్నామని గుర్తుచేస్తాయి. నాయనమ్మ పోయింది, అమ్మా పోయింది. నా కొంగుముడిలో మాత్రం నాలుగు బియ్యపు గింజలు ఎప్పుడూ ఉంటాయి. కోడళ్ళు దాన్ని ముసలిదాని చాదస్తం అనుకుంటారు.

ఇప్పుడు నేను సుక్మాలో మా చిన్నబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. వాడి కొడుక్కి అచ్చం నా ఒళ్ళే వచ్చింది. పోలికలు రాకూడనివే ముందు వస్తాయి. అస్పతాల్‌లో డాక్టరమ్మ చూసి ట్యూబు మందు రాసిచ్చింది, రోజుకు రెండుపూటలా రాయమంది. మంచి మందే. రాయడానికి మాత్రం వాడి కాళ్ళు మా అబ్బాయి, చేతులు కోడలు పట్టుకోవాల్సి వచ్చేది. మోటారుసైకిల్ హారన్‌కే చెవులు మూసుకునే పిల్లాడు వీధి చివరిదాకా వినబడేట్టు అరిచేవాడు. ఒకనాడు వాళ్ళిద్దర్నీ బయటికి పంపేసి కొంగుముడి విప్పాను. వాడు వద్దన్నాడు. సరేనని ట్యూబు మూత పెట్టేశాను. మా కోడలు నన్ను చూసిన చూపు మా అమ్మ చూపే. మందు రోజూ పడాలి కదా అంది. పడుతుంది, కాస్త ఆగమన్నాను. వాడు పరీక్ష పెట్టిన రోజులు నాకు భయమెయ్యలేదు, ఆ పరీక్ష నేనూ పెట్టినదే కదా. ఇప్పుడు పొద్దునా సాయంత్రం చెయ్యి చాపి, అదిమి రాయమని వాడే చెప్తాడు.

మొన్న సాయంత్రం నేను అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. వాడు లోపలికి పోయి బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది. వచ్చి నా కాళ్ళ దగ్గర గింజలు పోశాడు. చిన్నచెయ్యి, కానీ చాలానే పోశాడు. ఎవరినీ ముట్టుకోని, ఎవరినీ ముట్టుకోనివ్వని పిల్లాడు.

“దాదీ, నీ ఒళ్ళో కూచోనా?” అన్నాడు. అని ఊరుకున్నాడు.

మా అమ్మ తర్వాత నన్ను అలా అడిగినవాళ్ళు లేరు. కూచో అనేముందు ఆ గింజలు ఒక్కొక్కటే ఏరి కొంగున ముడేసుకున్నాను. వాడు కదలకుండా ఆగాడు.