మేస్త్రి వేలి కణుపు

గడ్డం గీసుకుంటూ చెంప మీది మచ్చ తడిమినప్పుడల్లా మా మేస్త్రి గుర్తొస్తాడు. తాండూరులో నాపరాళ్లకు పాలిష్ పట్టే షెడ్డులో నేను హాజరు రాసేవాణ్ణి. ఆయన ప్రతి బండనూ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఖంగుమంటే పక్కన పెట్టేవాడు. మొద్దుగా పలికితే "పగులుంది" అని సుత్తెతో అక్కడికక్కడే ముక్కలు చేసేవాడు.

కొత్త మిషన్ వచ్చాక నలుగురిని తీసేయమన్నాడు యజమాని. ఎక్కువ సెలవులు పెట్టినవాళ్లను ఏరి, షెడ్డులోనే పేర్లు చదివాను. నలుగురూ మా కోత మిషన్‌లో వేళ్లు తెగి ఆసుపత్రి పాలై తిరిగొచ్చినవాళ్లే.

"రూలు అందరికీ ఒకటే మేస్త్రీ," అన్నాను.

ఆయన ఒక బండను కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. సుత్తె ఎత్తి దాన్ని పిండి చేశాడు. తర్వాత ఇంకొకటి, మరొకటి. ఒక పెచ్చు ఎగిరొచ్చి నా చెంప చీల్చింది. ఎవరూ ఆపలేదు.

"అన్నీ మంచి రాళ్లే సారు. నువ్వు ఏరినట్టే నేనుగూడ ఏరిన," అన్నాడు.

ఆ సుత్తెతోనే నా దగ్గరికొచ్చి, ఎదురొమ్ము మీద కణుపుతో కొట్టి చెవి ఆనించాడు.

"పగులుంది," అన్నాడు.

సుత్తె మాత్రం ఎత్తలేదు. దాన్ని నా కాళ్ల ముందు పడేసి, ఆ నలుగురితో పాటు గేటు దాటాడు.