తీగ మార్చి చూసిన మేనత్త

మా మేనత్త పోయిందని పోయిన వారం పుంగనూరు నుంచి ఫోను వచ్చింది. మదనపల్లెలో పట్టుచీరల డిజైన్లు వేసుకుంటున్న నేను "ఊ" అని పెట్టేశాను. ఎప్పుడు, ఎలాగ అని ఒక్క మాట అడగలేదు. నా స్థానంలో ఆమె ఉంటే ఫోను చేసినవాళ్ళను ప్రశ్నలతో చంపుకు తినేది.

పుంగనూరులో ఆమెకు జాకెట్టు గుడ్డల అంగడి ఉండేది. చీర తెచ్చి చూపించనిదే మ్యాచింగ్ గుడ్డ చింపేది కాదు. "కండ్లలో రంగు పెట్టుకోని వస్తే నేనేం జేసేది? పొయ్యి చీర ఎత్తుకోని రా" అని పంపేసేది. బేరం పోతుందన్న దిగులే లేదు. ఇక అడగడమంటే ఆమెకు పండగ. టికెట్ మిషన్లో కాగితం ఎలా చుట్టుకుంటుందో చూపించమని బస్సు కండక్టరు ప్రాణం తీసింది. మేము విసుక్కుంటే, "అడిగితే నోరేమన్నా అరిగిపోతాదా?" అనేది.

చీర డిజైన్‌ను కంప్యూటర్లో గళ్ళ మీద వేస్తాం. గడి తప్పితే నేతలో పోగు తప్పినట్టే. నాకు రెండు మానిటర్లు, ఒకదాంట్లో అంచు, ఇంకోదాంట్లో కొంగు. ఒకసారి కుప్పం పెళ్ళికూతురి చీరకు అంచులో గళ్ళు తప్పుతూనే ఉన్నాయి. ఇంకోసారి తప్పు వస్తే పని వేరేవాళ్ళకు ఇస్తానని మగ్గాలాయన చెప్పేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ రోజే మా ఇంటికి వచ్చిన అత్త, నా కుర్చీ వెనక నిలబడి తెరలు చూసింది.

"ఈ తట్టు గళ్ళు అలుక్కపోయినట్టుండాయి, యాల?"

"మానిటరు పాతదత్తా. కొత్తది కొనాల."

"దానిదే తప్పని ఎవురు చెప్పినారు? రెండిటి తీగలూ అటూ ఇటూ మార్చు, సూద్దాం."

మార్చాను. మసక కాస్తా రెండో మానిటరుకు పోయింది. తప్పు తెరది కాదు, రెండువైపులా మరలు బిగించే ఆ పాత వీజీఏ కేబులుది. అత్త చప్పట్లు కొట్టింది.

వెంటనే కేబులు కొనడానికి ఉత్త చేతులతో బయలుదేరాను. "చీర లేకుండా మ్యాచింగ్ యాడ దొరకతాదే?" అని ఆపింది. కంప్యూటరు వీపుకూ మానిటరు వీపుకూ ఫోటోలు తీయించి, తనూ వెంట వచ్చింది. కంప్యూటరుకు ఉన్న ఒక్క హెచ్‌డీఎంఐ సాకెట్టులో రెండో మానిటరు తీగ ఉంది, ఖాళీగా మిగిలింది డిస్‌ప్లేపోర్టు అనే ఇంకో రకం సాకెట్టు. అంగడాయన ఫోటోలు చూసి ఆ కొస ఒకటీ, హెచ్‌డీఎంఐ కొస ఒకటీ ఉన్న కేబులు ఇచ్చాడు.

"డిస్‌ప్లేపోర్టు కొస కంప్యూటరుకే పెట్టాల. తిప్పి పెడితే బొమ్మ రాదమ్మా" అన్నాడు.

"యాల రాదు?" అంటూ అత్త అక్కడే స్టూలు లాక్కుని కూర్చుంది. అతను చెప్పిందంతా వింది. అయినా ఇంటికొచ్చాక తిప్పి పెట్టించి, తెర నల్లగానే ఉండడం చూసి, "నిజమే చెప్పినాడు" అని సంబరపడింది. ఆ తర్వాత సరిగ్గా పెడితే ఒక్కో గడీ విడివిడిగా కనిపించింది. చీర కుప్పం చేరింది, నా పని నిలబడింది. ఇప్పుడు ఏ కేబులు చేతపట్టినా ఆమె కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

చివరి రోజుల్లో ఆమె మదనపల్లెలో ఆసుపత్రిలో ఉంది. ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అని డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చేసరికి అత్త మంచం పక్కనున్న తెరను చూస్తోంది. వేలికి తగిలించిన క్లిప్పు నుంచి తీగ పోయి అందులో కలిసింది. తెర మీద నాడి సన్నటి గీతగా ఎగిసి పడుతోంది.

"ఇది నాదేనా?"

"నీదే అత్తా."

"నాదేనని ఎట్ల తెలిసేది?" అంటూ క్లిప్పు ఊడదీసి నా వేలికి తగిలించింది. తెర కూత పెట్టింది. నేను వద్దనేలోపే గీత మళ్ళీ లేచి పరుగందుకుంది. అత్త ముఖం వెలిగిపోయింది. కాసేపు దాన్నే చూసి, మెల్లగా నావైపు తిరిగింది.

"నీది యాల ఇంత బిరబిరా పోతాండాది పాపా? డాక్టరు ఏం జెప్పినాడు?"