రెండు బల్బులకు ఇరవై మోటార్లు

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటి ఓ అయిదారేళ్లయ్యాక, పద్ధతిగా చేసిన పని ఎన్నటికీ చెడదని నాకు గట్టి నమ్మకం. (డైరీ ఇప్పటికీ రాస్తున్నాను గానీ ఆ నమ్మకం కాస్త పలచబడింది.) గద్వాల శివారు చేల మధ్య ఉన్న కాలేజీలో పాఠాలు చెబుతూనే, నలభై దాటాక మళ్లీ విద్యార్థినై పైచదువులో చేరాను. నా ప్రాజెక్టు అయిదు మెట్ల ఇన్వర్టరు. బ్యాటరీ కరెంటును మెట్లు మెట్లుగా పేర్చి, లైనులో వచ్చే కరెంటుతో అడుగులో అడుగు కలిపి, ఆ లైనులోకే పంపాలి. అడుగు కలిపే ఆ కంట్రోలు కుదరడానికే రెండేళ్లు పట్టింది. లైను వోల్టేజీ రెండు వందల కంటే తగ్గితే కలవకుండా తప్పుకునే జాగ్రత్త కూడా పెట్టాను. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు; ఇక పొడిగించరు. నలభై రోజులు, రోజూ సాయంత్రం సరిగ్గా ఏడింటికి పరీక్షించి, డైరీలో 'కలిసింది' అని రాసుకున్నాను.

మిషను పనిచేయడం కళ్లారా చూసి సంతకం పెట్టడానికి నా ప్రాజెక్టు గైడుగారు హైదరాబాదు నుంచి ఉదయం పదకొండింటికి వచ్చారు. రెండు గంటల బస్సుకు తిరిగి వెళ్లిపోవాలి. స్విచ్ వేశాను. కలవలేదు. మీటరులో నూట డెబ్బై. అప్పుడు వినిపించింది, కిటికీ అవతల మోటార్ల మోత. మాకూ, చుట్టూ ఉన్న వేరుశనగ చేలకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. చేలకు కరెంటు పగలే, అదీ కొన్ని గంటలే. నా పద్ధతి రోజూ ఆ మోటార్లన్నీ ఆగిపోయాక మొదలయ్యేదన్నమాట.

గైడుగారికి చాయ్ తెప్పించి చేలోకి పరుగెత్తాను. ఎవరి మోటారు మొండికేసినా బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అందరూ స్టార్టరు మామ అనేవారు. ఆయన మాటే అక్కడ చెల్లుబాటు. పది నిమిషాలు మోటార్లన్నీ ఆపించమని బతిమాలాను.

"నీ మిషను కరెంటు తాగుతదా సారూ, ఇస్తదా?"

"ఇస్తది మామా."

"ఎంత?"

అబద్ధమాడే అలవాటు లేదు. "రెండు బల్బులకు సరిపోయేంత."

ఆయన నన్నూ, చేలనూ మార్చి మార్చి చూశాడు. "రెండు బల్బుల కరెంటిచ్చెతందుకు ఇరవై మోటార్లు బంద్ జెయ్యాల్నా? గిసుంటి సదువు నేనెన్నడు జూడలే."

ఇవాళ తప్పితే నా చదువు ఇక్కడితో ఆఖరని చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "పదే నిమిషాలు. శేను ఎండితె నీ మిషనుతోనే తడుపుతవు సూడు." లెక్క తప్పకూడదని నా చేతిగడియారం ఆయనకే ఇచ్చి వచ్చాను. (ఇక నాకు టైము తెలిసే దారి లేదని తర్వాత గుర్తొచ్చింది.)

మోటార్లు ఒక్కొక్కటే ఆగాయి. మీటరు రెండు వందలు దాటింది. మిషను కలిసింది. గైడుగారు కళ్లద్దాలు సవరించుకుని కరెంటు అలను చూపే తెరమీద మెట్లు లెక్కపెట్టారు, ప్రశ్న మీద ప్రశ్న వేశారు. ఆఖరి జవాబు నా నోట్లో ఉండగానే ఇరవై మోటార్లూ ఒక్కసారే ఎత్తుకున్నాయి. టక్కున మిషను తప్పుకుంది. 

"ఓహో, వోల్టేజీ పడిపోతే తప్పుకుంటుంది కూడానా? చెప్పనేలేదే!" అన్నారు గైడుగారు.

"ఆఖర్న చూపిద్దామని సార్," అన్నాను. (అబద్ధమాడే అలవాటు లేదని పైన రాసింది నేనే.) ఆయన సంతకం పెట్టారు.

సాయంత్రం మామ గడియారం తెచ్చిచ్చాడు. "పాసయినవా?"

"అయిన మామా. సరిగ్గా పది నిమిషాలు."

"పదకొండిచ్చిన. ఒకటి నా తరఫు."

ఆ రాత్రి, డైరీలో అప్పటికే రాసుకున్న 'పది నిమిషాలు'లో 'పది' కొట్టేసి 'పదకొండు' అని దిద్దాను. నలభై పుటల 'కలిసింది'లు ఇప్పుడు చదవబుద్ధి కావు. ఆ ఒక్క కొట్టివేత దగ్గరే కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంటాను.